మూడు వేల రూపాయల లెన్స్, మూడు వందల రూపాయల దోనె

నేను తీసిన పక్షుల ఫోటోలు చూసినవారు మర్యాద కోసం "బాగున్నాయి" అంటారు గానీ, పెద్దవి చేసి చూస్తే ఈకలు ఈకల్లా ఉండవు, తడిసిన దూదిలా ఉంటాయి. దీనికంతటికీ కారణం నా దగ్గరున్న పాత 70-300 మిల్లీమీటర్ల లెన్సేనని నాలుగేళ్లుగా నమ్ముతూ వచ్చాను. ఫిబ్రవరి చివరి వారాంతంలో రాజమహేంద్రవరం నుంచి విశాఖపట్నం వెళ్లే పని పడినప్పుడు, అక్కడ దూరాన్ని ఇంకా దగ్గర చేసే 150-600 లెన్స్ ఒకటి అద్దెకు తీసుకుని ఈ సంగతేదో తేల్చుకుందామని నిశ్చయించుకున్నాను. వెంట మా ఆవిడ, ఆమె తమ్ముడు వచ్చారు. ఆమెకు సింహాచలం దర్శనం కావాలి, అతనికి బీచ్ కావాలి, పక్షులు కావలసినవాణ్ణి నేనొక్కణ్ణే.

శుక్రవారం సాయంత్రం లెన్స్ అద్దెకిచ్చే దుకాణానికి వెళ్లాము. రోజుకు 1,500 రూపాయల చొప్పున రెండు రోజులకు 3,000, డిపాజిట్ 15,000. లెన్స్ ముందు భాగానికి 95 మిల్లీమీటర్ల అద్దపు ఫిల్టర్ ఒకటి బిగించి ఉన్నది. దాన్ని తీసి ఇవ్వమంటే, అది లెన్స్ రక్షణ కోసమనీ, తీస్తే బాధ్యత నాదేననీ దుకాణదారు చెప్పాడు. బరువు చూసి మురిసిపోయి ఇంకేమీ అడగలేదు. ఆ దుకాణం గురించి తరువాత మళ్లీ చెప్పవలసి ఉన్నది.

లాడ్జి అద్దె రోజుకు 2,800. అందులో 400 రూపాయలు "సముద్రం కనిపించే గది" అన్నందుకు. సముద్రం కనిపించిన మాట నిజమే, కాకపోతే బాత్‌రూమ్ కిటికీలోంచి మెడ చాచి ఎడమ వైపు చూడాలి. మా బావమరిది గదిలోకి అడుగుపెడుతూనే ఏసీని 18 దగ్గర పెట్టి, రాత్రంతా దాన్ని తాకనివ్వలేదు. ఆ చలికి మూల్యం తెల్లవారాక తెలిసింది. శనివారం వేకువన కెమెరా తీసుకుని బయటికి రాగానే ముందు అద్దం, వ్యూఫైండర్, అన్నీ పాలు పోసినట్టు తెల్లబడిపోయాయి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కనుక, చల్లబడిన గాజుకు ఆ గాలి తగలగానే నీరు పడుతుంది. గుడ్డతో తుడిస్తే క్షణం ఆగి మళ్లీ పడుతుంది, గాజు వేడెక్కేదాకా చేయగలిగింది ఏమీ లేదు. సూర్యోదయం తరువాతి మెత్తని వెలుతురులో 35 నిమిషాలు అలా పోయాయి. ఏసీ గదిలో ఉండగానే కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, బయటికి తెచ్చిన అరగంట తరువాత తీస్తే, ఆ నీరేదో సంచికే పడుతుంది. ఈ ముక్క నాకు తెలియనిది కాదు, తెల్లవారుజామున గుర్తుకు రాలేదంతే.

దానికి తోడు కారు ఆలస్యం. 5:30కు రమ్మంటే 7 దాటాక వచ్చిన డ్రైవరు, టీ తాగి బయలుదేరదామన్నాడు. నగరానికి పడమటి అంచున ఉన్న మేఘాద్రిగెడ్డ జలాశయం దగ్గర వీలుగా చూసే చోటు వెదుక్కుని నిలబడేసరికి 9 దాటింది. నీటి అవతల నత్తగుల్ల కొంగలు, నీటికాకులు బారులు తీరి ఉన్నాయి, దూరం 150 మీటర్లకు తక్కువ ఉండదు. 600 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి, షట్టర్ వేగం సెకనులో 2000వ వంతుకు పెంచి, రెండు వందల ఫోటోలు తీశాను. ఒక్కదానిలోనూ కొంగ కన్ను కన్నులా లేదు. ఎండకు కాగిన గట్టు మీద, రాళ్ల మీద గాలి వేడెక్కి వణుకుతూ ఉంటే, దాని గుండా వచ్చే వెలుతురు కూడా వంకరలు పోతుంది. లెన్స్ పొడవయ్యేకొద్దీ పక్షితో పాటు ఆ వణుకు కూడా పెద్దదవుతుంది. ఎంత ఖరీదైన గాజు పెట్టినా ఇది పోదు. ఉదయం 9 తరువాత దూరపు పక్షుల కోసం మేఘాద్రిగెడ్డకు వెళ్లడం దండగ అని నా అభిప్రాయం. మా బావమరిది తన ఫోన్‌తో ఒక ఫోటో తీసి, నా కెమెరా తెర పక్కన పెట్టి, "రెండూ ఒకేలా ఉన్నాయి బావా" అన్నాడు. సమాధానం చెప్పలేదు.

మధ్యాహ్నం సింహాచలం దర్శనం సజావుగా జరిగింది. సాయంత్రం కంబాలకొండ అడవిలో రెండు గంటలు నడిచాము, చెట్ల నీడలో పిగిలిపిట్టలు దగ్గరగానే దొరికాయి. ఆ రోజు కారుకు 2,400.

కంబాలకొండ ఫోటోలు రాత్రి లాప్‌టాప్‌లో చూస్తే అసలు అనుమానం పుట్టింది. అక్కడ ఎండ లేదు, వేడి గాలి లేదు, పిట్ట ఎనిమిది మీటర్ల దూరంలో కదలకుండా కూర్చున్నది. వెలుతురు చాలక ఐఎస్‌ఓను, అంటే కెమెరా వెలుతురుకు స్పందించే తీవ్రతను, 3200కు పెంచాను, కాబట్టి రవ్వరవ్వగా ఉండడం సహజమే. అయితే వెనక ఉన్న ప్రతి పుల్లకూ రెండేసి అంచులు ఎందుకున్నాయి? అనుమానం ఫిల్టర్ మీదకు పోయింది. అది చేతితో తిరగలేదు. మా ఆవిడ కాసేపు చూసి, హవాయి చెప్పును తిరగేసి, రబ్బరు అడుగుకు ఫిల్టర్ అంచును నొక్కిపెట్టి లెన్స్‌ను తిప్పింది. ఊరగాయ జాడీ మూతలా ఊడి వచ్చింది. బాల్కనీ గోడ మీద దిండు వేసి, దాని మీద కెమెరా పెట్టి, లెన్స్‌లో కుదుపు ఆపే మీట మూసేసి, ఎదురుగా ఉన్న మందుల దుకాణం బోర్డును ఫిల్టర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి తీశాను. ఫిల్టర్ లేని ఫోటోలో బోర్డు కింది చిన్న అక్షరాలు కూడా చదవగలిగాను, ఫిల్టర్ ఉన్నదానిలో ప్రతి అక్షరానికీ నీడ ఉన్నది. నాసిరకపు గాజు పూర్తిగా చదునుగా ఉండదు. మామూలు లెన్స్ మీద ఆ తేడా కనిపించకపోవచ్చు గానీ, 600 మిల్లీమీటర్ల దగ్గర దాచలేము. ముందు అద్దానికి రక్షణ కావాలంటే లెన్స్ చివర తొడిగే గొట్టం, అదే లెన్స్ హుడ్, చాలు. రోజుకు 1,500 తీసుకునే దుకాణానికి ఈ సంగతి తెలియదంటే నమ్మను.

ఆ రాత్రి ఏసీ 26 దగ్గర పెట్టించాను. మా బావమరిది మర్నాడు కొండకర్ల నుంచి తిరిగి బయలుదేరేదాకా నాతో మాట్లాడలేదు.

కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు విశాఖ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్నది. ఆదివారం వేరే కారు మాట్లాడుకుని, 2,900 రూపాయలకు, తెల్లవారుజామున 4:30కు బయలుదేరాము. రేవులో రెండు తాటి బోదెలను తొలిచి జతకట్టిన దోనెలు వరుసగా ఉన్నాయి. గంటకు 300 అన్నాడు దోనె నడిపే పెద్దాయన, బేరం లేదు. నా చేతిలోని అద్దె లెన్స్‌ను ఎగాదిగా చూసి, "అంత పెద్ద ఫిరంగెందుకు బాబూ? పిట్ట కాడికి నేను తీసుకెల్తాను గదా, ఇంకేటి?" అన్నాడు. దోనె ఊగుతున్న తీరు చూసి, డిపాజిట్ గుర్తుకు వచ్చి, ఫిరంగిని మా ఆవిడకు అప్పగించి నా పాత 70-300తోనే ఎక్కాను.

ఆయన గెడ వేసే పద్ధతి చూడవలసిందే. పక్షి వైపు సూటిగా వెళ్లడు, దాన్ని చూడనట్టుగా పక్కకు పోతూ, ఆగుతూ, తామరాకుల మధ్య నుంచి కొంచెం కొంచెంగా దగ్గరకు తెస్తాడు. ఏ పక్షి ఎప్పుడు మెడ ఎత్తుతుందో, అంటే ఎప్పుడు ఎగరడానికి సిద్ధమవుతుందో ఆయనకు తెలుసు, అది మెడ దించేదాకా గెడ కదలదు. సూర్యుడు మా వీపు వెనక ఉండేలా దోనెను తిప్పమని నేను ఒక్కసారి అడిగాను, తరువాత అడగవలసిన అవసరం రాలేదు. పొడవాటి వేళ్లతో తామరాకుల మీద నడిచే జకానా 10 మీటర్ల లోపుకు వచ్చింది. నా కెమెరాలో ఫోటో వెడల్పు 6000 పిక్సెళ్లు. మేఘాద్రిగెడ్డలో కొంగ అందులో పదో వంతు కూడా లేదు, అంటే దాని వాటా 600 పిక్సెళ్ల లోపే. ఇక్కడ జకానా ఒక్కటే దాదాపు సగం వెడల్పు ఆక్రమించింది. దూరం సగానికి తగ్గితే పక్షి మీద పడే పిక్సెళ్లు నాలుగు రెట్లవుతాయి. ఇది చిన్న లెక్కే గానీ, దోనెలో కూర్చున్నాకే నాకు ఒంటబట్టింది.

దోనెలో కూర్చుంటే కెమెరా నీటికి అడుగున్నర ఎత్తులో ఉంటుంది. పక్షి కన్ను ఎదురుగా వస్తుంది, వెనక ఉన్న రెల్లు దూరంగా జరిగి మెత్తగా కరిగిపోతుంది. గట్టు మీద నిలబడి కిందికి తీసిన ఫోటోలో ఈ అందం రాదు. దోనె ఊగుతుంది కనుక ట్రైపాడ్ వల్ల ప్రయోజనం లేదు. వేగం సెకనులో 1600వ వంతుకు తగ్గకుండా చూసుకుంటే చాలు, ఐఎస్‌ఓ ఎంత పెరిగినా భయపడవద్దు. చీకటిగా తీసి తరువాత కంప్యూటర్‌లో వెలిగిస్తే వచ్చే రవ్వ, మొదటే ఐఎస్‌ఓ పెంచి సరైన వెలుతురుతో తీస్తే వచ్చే రవ్వకన్నా అసహ్యంగా ఉంటుంది. నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది. మొదటి తెల్లకొంగ ఫోటోలు పదీ పాడయ్యాయి, వీపు మీద ఈకలు లేవు, ఉత్త తెల్ల కాగితం. వెనక నీరు నల్లగా ఉండడం చూసి కెమెరా వెలుతురు పెంచేసింది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్, అంటే వెలుతురును సగానికి, తగ్గించాక ఈకలు వచ్చాయి. ఆ పదింటినీ రా ఫైళ్లుగానే, అంటే కెమెరా మార్పులు చేయని మూల ఫైళ్లుగానే తీసినా అవి తిరిగి రాలేదు, పూర్తిగా కాలిపోయిన తెలుపులో దాచుకున్నదేమీ ఉండదు.

రెండు గంటలకు 600 అయింది, ఇంకో 200 చేతిలో పెడితే వద్దని, మా ఆవిడ బలవంతం మీద తీసుకున్నాడు. గట్టు మీద ఫిల్టర్ లేని అద్దె లెన్స్‌తో నలుపు తెలుపు లకుముకిపిట్ట గాలిలో నిలబడడం కూడా తీశాను, బాగా వచ్చింది. లెన్స్ మీద నాకు కోపం లేదు. దారిలో ఒక ఇంటి ముంగిట నడిపే హోటల్లో 120 రూపాయలకు అన్నం, చేపల పులుసు పెట్టారు. మా బావమరిది మూడుసార్లు వడ్డించుకుని, నాతో మాటలు కలిపాడు.

సాయంత్రం లెన్స్ తిరిగి ఇస్తే దుకాణదారు ఫిల్టర్ అంచున రబ్బరు గీత చూపించి 1,200 పట్టుకున్నాడు. ఆ ఫిల్టర్ వల్లనే ఒక రోజు పోయిందని రెండు ఫోటోలూ చూపిస్తే, "అందరూ దాంతోనే తీస్తారండి" అన్నాడు. అయితే డబ్బు కట్టించుకున్న వస్తువు నాది కనుక ఇమ్మన్నాను, ఇచ్చాడు. అద్దెకు తీసుకునేవారు దుకాణంలోనే ఫిల్టర్ తీయించి, ముందు అద్దాన్ని వారి ఎదుటే ఫోన్‌తో ఫోటో తీసుకోవాలి. తీయనంటే ఇంకో దుకాణానికి పోవాలి.

ఇప్పుడది మా వంటింట్లో ఉన్నది. మా ఆవిడ దాని మీద నూనె గిన్నె పెడుతున్నది, సరిగ్గా సరిపోయిందట.