సింకు కింద పెట్టె: ఏడేళ్ల మాడ్యులర్ కిచెన్ అనుభవం

మా నిజాంపేట ఫ్లాటులో మాడ్యులర్ కిచెన్ చేయించి ఏడేళ్లయింది. రేపు అమ్ముకున్నా మంచి రేటు పలుకుతుందని అందరూ అంటే 2 లక్షల 20 వేలు పెట్టాం.

మొన్న దసరాకి ముందు ఫ్లాటు చూడ్డానికి ఒక జంట వచ్చారు. ఆయన హాల్లో నిలబడి యూడీఎస్ (ఫ్లాటుకి వచ్చే స్థలం వాటా) లెక్కలు అడుగుతున్నాడు. ఆ అమ్మాయి నేరుగా వంటగదిలోకి వెళ్లి, చిమ్నీ వంక కూడా చూడకుండా సింకు కింద తలుపు తెరిచింది. నా గుండె జారిపోయింది. అడుగు చెక్క ఉబ్బిపోయి ఉంది, అంచు పట్టీ ఊడి వేలాడుతోంది. గోటితో గీరితే పొట్టు ముద్దలా ఊడొచ్చింది.

"ఆంటీ, ఇది ప్లైవుడ్ కాదు కదా?" అంది.

కాదు. కొటేషన్‌లో 'వాటర్ రెసిస్టెంట్ బోర్డు' అని రాసి ఉంటే అదే చాలనుకున్నాం. తీరా అది పార్టికల్ బోర్డు. చెక్క పొట్టును జిగురుతో కలిపి నొక్కి చేస్తారు, నీళ్లు పీల్చి ఒకసారి ఉబ్బిందంటే ఆరాక కూడా మామూలుగా అవదు. మా ఇంట్లో పైపు పగిలిందేమీ లేదు. వేస్ట్ పైపు బిగింపు దగ్గర చుక్క చుక్కగా కారింది, అంతే. చెత్తబుట్ట అడ్డుండటంతో నెలల తరబడి కనపడలేదు. ముందు ముక్కిన వాసన, తర్వాత బొద్దింకలు, ఆఖరికి స్క్రూలు పట్టు తప్పి తలుపు వాలిపోయింది.

మూడో ఏట ఇదే వంటగదిని వచ్చినవాళ్లందరికీ చూపించి తెగ మెచ్చుకున్నాను. డ్రాయర్ల వరకూ ఆ మాట ఇప్పటికీ నిజమే. కుక్కర్లు, గ్రైండర్ గిన్నెలు నింపినా చప్పుడు లేకుండా మూసుకుంటాయి. కాకపోతే నేను మెచ్చుకున్నదంతా నీళ్లు తగలని భాగాన్నే.

వంటగది పేరు చెప్పి వాళ్లు 70 వేలు తగ్గించమన్నారు, బ్రోకరు 50కి తెగ్గొట్టాడు. ఆ ఒక్క పెట్టె ఐఎస్ 710 ప్లైతో, అంటే నీళ్లు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌తో చేయించి ఉంటే అప్పట్లో నాలుగైదు వేలు ఎక్కువయ్యేదేమో! ఆ రకం ప్లైని 72 గంటలు నీళ్లలో మరగబెట్టి పరీక్షిస్తారు. నంబరు షీటు మీదే అచ్చేసి ఉంటుంది. లామినేట్ అతికించాక ఇక కనపడదు కాబట్టి, సరుకు దిగిన రోజే దగ్గరుండి చూసుకోండి.

డబ్బు వృథా అయిందని మాత్రం అనను. వంటగది ఫొటోలు చూశాకే ఆ జంట మా ఫ్లాటుకి వచ్చారు. పైగా మేం ఆరుగురం, మూడు పూటలా వంట, అంట్లన్నీ ఆ సింకులోనే. యుటిలిటీలో అంట్లు తోముకునే ఇంట్లో అదే బోర్డు ఇంకొన్నేళ్లు నిలబడేదేమో.

మా అమ్మగారింట్లో గట్టు కింద అరలన్నీ కడప బండలే, ఇప్పటికీ చెక్కు చెదరలేదు. కొత్తింట్లో సింకు కింద కడప బండే వేసి, ముందు తలుపు ఒక్కటి బిగించమన్నాను. లుక్ పోతుందంటాడు కార్పెంటర్. వారం నుంచీ ఇదే వాదన నడుస్తోంది.