ఒంటికి సరిపోయిన విల్లు: రెండేళ్ల వాడకం తర్వాత ఒక కాంపౌండ్ బో సమీక్ష

2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడకు చెందిన జ్యోతి సురేఖ విలువిద్యలోని కాంపౌండ్ (చక్రాలున్న విల్లు) విభాగంలో వ్యక్తిగత, మహిళల జట్టు, మిశ్రమ జట్టు పోటీలు మూడింటిలోనూ బంగారు పతకాలు గెలిచినప్పుడు నేను ఈ ఆటను మొదటిసారి శ్రద్ధగా చూశాను. 2024 జనవరిలో, నా నలభై ఒకటో ఏట, ఒక కాంపౌండ్ విల్లు కొన్నాను. టంగుటూరుకు దగ్గరలో ఉన్న మా ఊళ్లో, మామయ్య పొగాకు సాగు మానేశాక ఖాళీగా పడి ఉన్న ఎనభై అడుగుల గ్రేడింగ్ షెడ్డులోనూ, దాని వెనుక ఉన్న బీడు పొలంలోనూ వారానికి నాలుగు రోజుల చొప్పున సాధన చేస్తున్నాను. నోటుబుక్కులో రాసుకున్న లెక్క ప్రకారం ఈ విల్లుతో వేసిన బాణాలు ఇప్పటికి 21,000 దాటాయి.

ముందే చెప్పదలచుకున్న మాట ఏమిటంటే, ఈ విల్లు మంచిది. అయితే మొదటి ఏడు నెలలు ఇది నాకు పనికిరాని వస్తువులా తోచింది, ఎందుకంటే దాని కొలత నా ఒంటి కొలత కాదు. కాంపౌండ్ విల్లు కొనేవాళ్లు ఎక్కువగా వేగం గురించీ, ఎన్ని పౌండ్ల బలం అన్నదాని గురించీ అడుగుతారు. నేనూ అవే అడిగాను. ముందు అడగవలసింది డ్రా లెంగ్త్ గురించి, అంటే నారిని పూర్తిగా లాగినప్పుడు విల్లు ఎంత పొడవుకు వచ్చి ఆగుతుంది అన్న సంగతి గురించి. మామూలు విల్లును ఎవరి చేయి ఎంత సాగితే అంత లాగవచ్చు గానీ, కాంపౌండ్ విల్లుకు చక్రాలే హద్దు గీస్తాయి. ఆ హద్దు మన భుజానికి, మోచేతికి, దవడకు కుదరకపోతే మిగిలిన సర్దుబాట్లు ఎన్ని చేసినా ఫలితం ఉండదు.

నా విల్లు మధ్యశ్రేణిది. రెండు ఇరుసుల మధ్య 35 అంగుళాలు, పిడికీ నారికీ మధ్య 7 అంగుళాలు ఉంటుంది, బలాన్ని 30 నుంచి 40 పౌండ్ల వరకు, డ్రా లెంగ్త్‌ను 24 నుంచి 29 అంగుళాల వరకు మార్చుకోవచ్చు. విల్లుకు 58,000 రూపాయలైంది. సైటు (గురి చూసే పరికరం), రెస్టు (బాణాన్ని ఆనించేది), స్టెబిలైజరు (విల్లు ఊగకుండా నిలిపే కడ్డీ), రిలీజు (నారిని పట్టి వదిలే పరికరం), డజను కార్బన్ బాణాలు, పెట్టె కలిపితే దాదాపు మరో 45,000 అయింది. ఈ రెండో అంకెను లెక్కలోకి తీసుకోకుండా కొనడానికి దిగవద్దు.

ఈ విల్లులోని సుఖమంతా దాని చక్రాల్లో ఉంది. 1969లో అమెరికాలో హోలెస్ ఆలెన్ పేటెంటు పొందిన ఏర్పాటుకు ఇప్పటి కాంపౌండ్ విళ్లన్నీ వారసులే. ఇరుసు మధ్యలో కాకుండా పక్కకు జరిగి ఉండే చక్రం తిరిగేకొద్దీ లాగే బరువు మొదట పెరిగి, శిఖరం దాటాక ఒక్కసారిగా తగ్గిపోతుంది. నాది 75 శాతం తగ్గించే రకం కనుక, 38 పౌండ్ల బరువును దాటించిన తర్వాత గురి చూస్తున్నంతసేపూ నా వేళ్ల మీద ఉండేది తొమ్మిదిన్నర పౌండ్లే. నలభై దాటిన మనిషి ఒక సాయంత్రం అరవై బాణాలు వేసి మర్నాడు యథాప్రకారం పనికి వెళ్లగలగడానికి కారణం ఇదే.

ఇక ఆ ఏడు నెలల సంగతి. విల్లును ఒక పెద్ద నగరంలోని దుకాణంలో కొన్నాను. అక్కడివారు నా ఎత్తును కంటితోనే అంచనా వేసి, 27 అంగుళాలకు అమర్చి ఇచ్చారు. చేతులు చాచి కొలవలేదు. రెండు చేతులనూ బలవంతంగా సాగదీయకుండా పక్కలకు చాచి, ఒక మధ్యవేలి కొన నుంచి రెండో మధ్యవేలి కొన వరకు అంగుళాల్లో కొలిచి, 2.5తో భాగిస్తే డ్రా లెంగ్త్ దరిదాపుల్లోకి వస్తాము. నా చాపు 158 సెంటీమీటర్లు, అంటే 62 అంగుళాలకు కొంచెం పైన, భాగిస్తే 25 అంగుళాలు. రెండంగుళాల తేడా అంటే చాలా పెద్ద తేడా. నారిని చివరి దాకా తీసుకురావడానికి తల వెనక్కి వాలేది, ఎడమ భుజం చెవి దాకా లేచేది, మోచేయి బిగుసుకుపోయేది, వదిలిన ప్రతి నాలుగైదు బాణాలకూ ఒకసారి నారి ముంజేతిని కొట్టేది. చేయి నల్లగా కమిలిపోవడం చూసి అమ్మ ఆ విల్లును తిరిగి ఇచ్చేయమంది. తప్పు నా భంగిమలోనే ఉందనుకొని నేను రోజుకు మరో ఇరవై బాణాలు ఎక్కువ వేశాను. దానివల్ల భుజం నొప్పి తప్ప లాభం లేకపోయింది.

ఆగస్టులో విజయవాడ వెళ్లి ఒక శిక్షకుడికి చూపించాను. ఆయన నన్ను మూడు బాణాలు వేయనిచ్చి, నాలుగోది ఆపి, "విల్లులో లోపం లేదమ్మా, ఇది మీ కొలత కాదు, అంతే" అన్నారు.

ఆ మార్పును ఇంటి దగ్గరే చేసుకున్నాము. మా విల్లులో ఒక్కొక్క చక్రానికి రెండు మరలతో బిగించిన చిన్న మాడ్యూలు ఉంటుంది. ఆ మరలు వదులు చేసి, పట్టికలో 25 అంగుళాలకు ఎదురుగా ఉన్న అక్షరానికి తిప్పి, మళ్లీ బిగించాలి. బో ప్రెస్సు, అంటే విల్లును వంచి నారిని సడలించే యంత్రం, అవసరం లేదు. అయితే నారిని ఆపే చిన్న పెగ్గును కూడా రెండు చక్రాల మీదా అదే అక్షరానికి మార్చాలి. మొదటిసారి లాగినప్పుడు చివరన గోడకు ఆనినట్టు గట్టిగా ఆగవలసింది మెత్తగా జారింది. నేను నెమ్మదిగా వెనక్కి దించాక తమ్ముడు టార్చిలైటు వేసి చూసి, "అక్కా, కింది చక్రానికి పెగ్గు మార్చలేదు మనం" అన్నాడు. అప్పటి నుంచి అల్లెన్ కీ పట్టుకున్న ప్రతిసారీ పై చక్రం, కింది చక్రం అని ఇద్దరమూ పైకి చెప్పుకుంటూ సరిచూసుకుంటున్నాము.

డ్రా లెంగ్త్ మారితే దాని మీద ఆధారపడినవన్నీ మారతాయి. పీప్, అంటే నారిలో ఇమిడి ఉండే చిన్న రంధ్రపు బిళ్ల, నా కంటికి ఎదురుగా ఉండకుండా పైకి పోయింది. దాన్ని దించడానికి నారిని సడలించాలి, అందుకు బో ప్రెస్సు కావాలి. నాకు తెలిసినంతలో చుట్టుపక్కల ఎవరి దగ్గరా అది లేనందువల్ల మళ్లీ అంత దూరం ప్రయాణించి విజయవాడ వెళ్లవలసి వచ్చింది. బాణాలు కూడా ఒంటికి మించి పొడవయ్యాయి. వాటిని కోస్తే మరింత బిరుసవుతాయి. మొదట కొన్నవి 500 స్పైన్‌వి, ఈ అంకె ఎంత పెద్దదైతే బాణం అంత మెత్తనిది. నా బలానికి, నా పొడవుకు 600 స్పైన్‌వి సరిపోయాయి. కొలత ముందే తీసుకొని ఉంటే ఒక డజను బాణాల ఖర్చు తప్పేది.

బలాన్ని పెంచడంలో మాత్రం మొదటి నుంచీ తొందరపడలేదు, అందుకు సంతోషంగా ఉంది. 30 పౌండ్ల దగ్గర మొదలుపెట్టి, రెండు లింబుల (విల్లు కొమ్ముల) బోల్టులనూ సమానంగా, మూడు వారాలకు ఒకసారి సగం చుట్టు చొప్పున బిగించుకుంటూ 38 దగ్గర ఆగాను. నేను పాటించిన పరీక్ష ఒకటుంది. కుర్చీలో కూర్చొని, పాదాలు నేల నుంచి కొంచెం ఎత్తి, విల్లును లక్ష్యానికి నేరుగా పట్టుకొని నారిని నెమ్మదిగా లాగాలి. విల్లును ఆకాశం వైపు ఎత్తితే గానీ లాగలేకపోతున్నామంటే ఆ బరువు మనకు ఎక్కువని అర్థం.

షెడ్డులో చేసిన పనుల్లో నాకు ఎక్కువ నేర్పింది కాగితం పరీక్ష. చెక్క చట్రానికి పాత దినపత్రిక కాగితాన్ని అంటించి, రెండు మీటర్ల దూరం నుంచి దాని గుండా బాణం వేస్తే, బాణం తిన్నగా పోతోందో లేదో చిరుగే చెబుతుంది. నాకు తోక పైకి చిరుగు వచ్చింది, అంటే బాణం ముక్కు కిందికీ తోక పైకీ పెట్టుకొని పోతోందన్నమాట. డి లూపును, అంటే రిలీజును తగిలించే చిన్న తాడు ముడిని, నారి మీద ఒక మిల్లీమీటరు కిందికి దించాను, చిరుగు సగానికి తగ్గింది. ఇంకొంచెం దించాక కాగితం మీద గుండ్రటి రంధ్రం, దాని చుట్టూ మూడు రెక్కల గీతలు మాత్రమే మిగిలాయి. సైటు విషయంలో గుర్తుంచుకోవలసింది ఒకటే: బాణం ఎటు పడుతుంటే సైటును అటే జరపాలి. కింద పడుతుంటే కిందికి, ఎడమన పడుతుంటే ఎడమకు.

సాధనలో నన్ను ఎక్కువ కాలం వేధించింది రిలీజు. చూపుడువేలి ట్రిగ్గరు ఉన్నదాన్ని మణికట్టుకు కట్టుకొని మొదలుపెట్టాను. సైటు చుక్క లక్ష్యం నడుమనున్న పసుపు రంగు మీదికి రాగానే వేలు దానంతట అదే గట్టిగా నొక్కేసేది, ఆ కుదుపుకు బాణం పక్కకు పోయేది. లక్ష్యం కనిపించడమే ఈ కుదుపుకు కారణమని గ్రహించి, మూడు వారాలు లక్ష్యపు కాగితం లేకుండా, పాత బట్టలు దట్టంగా కుక్కిన గోతానికి నాలుగు మీటర్ల దూరంలో నిలబడి, గురి సరిచూసుకున్నాక కళ్లు మూసుకొని వేశాను. వెనుక ఎవరూ లేరని తమ్ముడు చెప్పాకే ప్రతి బాణమూ వదిలాను. వేలితో నొక్కకుండా వీపు కండరాలు దగ్గరికి రావడం వల్లనే నారి విడివడే భావన అప్పుడు తెలిసింది. తర్వాత బొటనవేలి రిలీజుకు మారాను. కొత్తగా కొనేవారికి నా సలహా, ఖరీదైన సైటుకు పెట్టే డబ్బును రిలీజుకు పెట్టడం మేలు.

భద్రత గురించి కొంచెం వివరంగానే రాయాలి. బాణం లేకుండా నారిని లాగి వదలకూడదు. ఆ శక్తి బాణంలోకి పోవడానికి దారి లేక లింబులను, నారిని, చక్రాలను పగలగొట్టగలదు. ఇంటికి వచ్చిన ప్రతివారికీ విల్లు చూడగానే లాగాలనిపిస్తుంది. మామయ్య ఒకరోజు, "అమ్మాయ్, ఒక్కసారి లాగి వదులుతానే" అని చేయి చాచారు. "వద్దు మామయ్యా, బాణం లేకుండా వదిలితే విరిగి ముక్కలు మొహాన కొడతాయి" అని చెప్పి పక్కన పెట్టాను, ఆయన నొచ్చుకోలేదు. కార్బన్ బాణాన్ని వేసే ముందు రెండు చేతులతో కొంచెం వంచి, చెవి దగ్గర పెట్టుకొని చిటచిట వినిపిస్తుందేమో చూడాలి. చీలిక ఉన్న బాణం వదిలినప్పుడు పగిలి చేతిలోనే గుచ్చుకోగలదు. 50 మీటర్ల సాధనకు మొదట చెరువు కట్టను వెనుక గోడగా అనుకున్నాము, కానీ కట్ట మీద మనుషులు, గేదెలు నడుస్తారని మానేసి, పొలంలోనే మట్టి దిబ్బ పోయించుకున్నాము.

ఆ పొలంలో ఎండ కళ్లలో పడకుండా ఉత్తరదక్షిణాలుగా నిలబడతాను. దానివల్ల మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి వచ్చే తూర్పుగాలి సరిగ్గా అడ్డంగా తగులుతుంది. 80 సెంటీమీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లే కాబట్టి, 50 మీటర్లలో ఆ గాలి బాణాన్ని సులువుగా ఎనిమిదిలోకి నెడుతుంది. అందుకే పొలంలో ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకే వేస్తాను. మొదటిసారి 72 బాణాలకు 720కి 521 వచ్చాయి, కిందటి నెలలో 638 వచ్చాయి.

మన్నిక విషయానికి వస్తే, లింబులు, చక్రాలు ఇప్పటికీ కొత్తవాటిలా ఉన్నాయి. ఉప్పుగాలి వల్ల సైటు మరలకు, రెస్టు మరలకు తుప్పు పడుతున్నందున నెలకోసారి నూనె గుడ్డతో తుడుస్తున్నాను. నిరుడు రోహిణి కార్తెలో ఒంగోలులో రెండు గంటలు మూసిన కారులో వదిలేస్తే, మర్నాడు పీప్ పక్కకు తిరిగిపోయి కంటికి కనిపించలేదు. వేడికి నారి సాగిందని అప్పుడు అర్థమైంది. పదిహేను రోజులకోసారి మైనం రాసినా, పద్దెనిమిదో నెలలో నారిని, చక్రాలను కలిపే కేబుళ్లను మార్పించవలసి వచ్చింది. కొత్త నారి మొదటి రెండు మూడు వందల బాణాల దాకా సాగుతూనే ఉంటుంది కనుక, అంతవరకు సైటు గుర్తులను శాశ్వతంగా గీయలేదు.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని చేర్చారని తెలిశాక తమ్ముడికీ ఆసక్తి పెరిగింది, నా విల్లునే తనకు ఇమ్మన్నాడు. ఇవ్వలేదు. షెడ్డు గోడకు ఆనించి నిలబెట్టి, చేతులు చాపించి కొలిచాను. 178 సెంటీమీటర్లు, అంటే 28 అంగుళాల డ్రా లెంగ్త్. ఆ అంకెను చీటీ మీద రాసి ఇచ్చాను. దుకాణంలో ముందు అది చూపించి, ఆ తర్వాతే ధర అడగమన్నాను.