పిల్లల మోకాళ్ళ పట్టీ, షూ ఇన్‌సోల్స్ సెట్: ఒక స్టార్, అదీ వెల్క్రోకి

మా పాప నిలబడితే మోకాళ్ళు రెండూ అతుక్కుపోయేవి, పాదాలు మాత్రం దూరంగా ఉండేవి. పరిగెత్తితే మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకునేవి. అప్పటికి మూడున్నరేళ్ళు. రోజూ ఎత్తుకుని తిరిగే పిల్లే కదా, నాకు తేడా తెలీలేదు, ఒకరోజు వెనక నుంచి తీసిన వీడియో చూసుకుంటే గుండె గుభేలుమంది. ఆ రాత్రే ఫోన్ పట్టుకుని వెతికి వెతికి ఈ సెట్ ఆర్డర్ పెట్టేశా. పడుకునేటప్పుడు తొడలకి, మోకాళ్ళకి, పిక్కలకి కట్టే మూడు వెల్క్రో పట్టీలు, షూలో పెట్టే ఇన్‌సోల్స్ ఒక జత. పేరు చెప్పను, ఇలాంటివి అన్నీ ఒకేలా ఉన్నాయి.

ముందు పట్టీ సంగతి. మొదటి రోజు ఏడ్చింది, రెండో రోజు ఏడ్చింది, మూడో రోజు నిద్రపోయాక కట్టాం, అర్ధరాత్రి బాత్రూంకి లేవబోయి కింద పడింది. ఆరు వారాలు అలాగే లాక్కొచ్చాం. ఒకరోజు డబ్బా మీద రాసింది తీరిగ్గా చదివితే దొడ్డికాళ్ళకీ, నాక్ నీస్‌కీ రెండింటికీ ఇదే పట్టీ అని ఉంది. దొడ్డికాళ్ళంటే మోకాళ్ళు దూరంగా జరిగిపోవడం, నాక్ నీస్ అంటే లోపలికి వచ్చి తగులుకోవడం, రెండూ పూర్తిగా ఎదురెదురు కదా, అలాంటప్పుడు రెండు కాళ్ళూ కలిపి బిగించే ఒకే పట్టీ రెండింటినీ ఎలా బాగుచేస్తుందండీ? ఈ డౌటు ఆర్డర్ పెట్టకముందు రావాల్సింది, రాలేదు, ఏం చేస్తాం. ఇంకోటి, డబ్బా మీద ముందు ఫోటో, తర్వాత ఫోటో ఉన్నాయి చూడండి, తర్వాత ఫోటోలో పిల్లాడు కనీసం రెండేళ్ళు పెద్దవాడయ్యాడు. ఆ రెండేళ్ళలోనే ఉంది అసలు విషయం, చెప్తా.

ఇన్‌సోల్స్ పెడితే పాదం లోపలి వైపు పైకి లేస్తుంది, చూడ్డానికి పాదం నిటారుగా అయినట్టే ఉంటుంది, షూ విప్పగానే మళ్ళీ మామూలే. పైగా పాపకి అరికాలు దగ్గర బొబ్బ వచ్చింది.

ఇక మా ఆయన పోరు పెడితే పిల్లల ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. నా ఐదు స్టార్లు వీళ్ళకి, అందుకే అక్కడ ఏం చేశారో వివరంగా రాస్తున్నా. రెండు గంటలు కూర్చోబెట్టారు, దానికి సగం స్టార్ కోసేయాలనిపించింది కానీ లోపలికెళ్ళాక తొందరపెట్టలేదు. ముందు అన్నీ అడిగారు: ఎప్పటి నుంచి, రోజురోజుకీ పెరుగుతోందా, నొప్పి ఉందా, కుంటుతోందా, కాలు ఎప్పుడైనా విరిగిందా, కిడ్నీ జబ్బులేమైనా ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని. ఎత్తు, బరువు చూసి వయసుకి సరిపోయిందో లేదో చార్ట్‌లో పెట్టి చూశారు, ఎత్తు బాగా తక్కువుంటే వేరే జబ్బుల వైపు వెతకాలట. తర్వాత చెప్పులు విప్పించి ముందు నుంచీ వెనక నుంచీ నడిపించి చూశారు. బల్ల మీద పడుకోబెట్టి తుంటి లోపలికీ బయటికీ తిప్పారు, ఎందుకంటే కొంతమంది పిల్లల్లో తొడ ఎముక లోపలికి మెలితిరిగి ఉండి అసలున్న వంకర కంటే ఎక్కువ కనిపిస్తుందంట. చివరికి మోకాలి చిప్పలు నేరుగా ముందుకి చూసేలా నిలబెట్టి, మోకాళ్ళు రెండూ తగిలీ తగలనట్టు పెట్టి, చీలమండల మధ్య దూరం మామూలు టేపుతో కొలిచారు. 6 సెంటీమీటర్లు. రెండు కాళ్ళూ ఒకేలా ఉన్నాయి. అంతే, ఎక్స్‌రే కూడా వద్దన్నారు.

నాకు నచ్చలేదు అప్పుడు. ఇంత దూరం వచ్చి, ఇంతసేపు కూర్చుని, టేపుతో కొలిచి పంపించేస్తారా అని మొహం మాడ్చుకున్నా. డాక్టరమ్మ కాగితం మీద గీత గీసి చూపించింది. పుట్టినప్పుడు పిల్లలందరికీ కాళ్ళు దొడ్డిగానే ఉంటాయి, ఏడాదిన్నర రెండేళ్ళకి నిటారు అవుతాయి, ఆ తర్వాత లోపలికి తిరిగి మూడు నాలుగేళ్ళకి బాగా ఎక్కువ కనిపిస్తాయి, మళ్ళీ వాటంతటవే తగ్గుతూ ఏడెనిమిదేళ్ళకి పెద్దవాళ్ళ లెక్కకి వచ్చేస్తాయి అని. పెద్దవాళ్ళకి కూడా 5 నుంచి 7 డిగ్రీలు లోపలి వంపు ఉంటుందంట, అసలు సున్నా అవ్వదు. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఫిన్లాండ్‌లో సాలేనియస్, వాంక్కా అనే ఇద్దరు 979 మంది పిల్లల్ని కొలిచి 1975లోనే ఈ లెక్క వేసి పెట్టారు. అంటే డబ్బా మీద పిల్లాడికి ఆ రెండేళ్ళలో పని చేసింది వయసు. పట్టీ కట్టినా కట్టకపోయినా అదే ఫోటో వచ్చేది.

మరి ఎప్పుడు భయపడాలి అని అడిగా. ఒక కాలికే ఉంటే, లేదా ఒకటి బాగా ఎక్కువుంటే. నొప్పి, కుంటు ఉంటే. రెండేళ్ళలోపే మొదలైనా, ఏడేళ్ళు దాటాక పెరుగుతున్నా. చీలమండల దూరం 8 సెంటీమీటర్లు దాటినా చూపించుకోవాలన్నారు. అలాంటప్పుడు రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి చూస్తారు, రికెట్స్ (పిల్లల ఎముకలు మెత్తబడే జబ్బు) అయితే ముందు దానికి మందులివ్వాలి, ఎముక గట్టిపడుతుంటే వంకర కూడా చాలామందికి తగ్గుతుంది. నీళ్ళలో ఫ్లోరైడ్ బాగా ఎక్కువుండే చోట కూడా ఇలా వస్తుందట. మోకాలి కిందుగా ఎముక విరిగి అతుక్కున్నాక ఆ ఒక్క కాలు కొన్నాళ్ళకి లోపలికి వంగడం కూడా ఉంటుందంట, అది చాలావరకు దానంతటదే సర్దుకుంటుందన్నారు. బరువు ఎక్కువున్న పిల్లల్లో తగ్గడం కష్టం.

ఆపరేషన్ అవసరమైన కేసు మా ఇంట్లోనే ఉంది, మా అక్క కొడుకు. వాడికి పదకొండేళ్ళప్పుడు కూడా తగ్గలేదు, ఆటల పీరియడ్ అయ్యాక మోకాలు నొప్పి అనేవాడు. వాడికి మాత్రం నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా ఒకే పొడవు ఎక్స్‌రే తీశారు. తుంటి మధ్య నుంచి చీలమండ మధ్యకి గీత గీస్తే అది మోకాలి మధ్యలోంచి పోవాలి, వాడికి బయట అంచు మీదుగా పోయింది. తొడ ఎముక కింది చివర లోపలి వైపు, ఎముక పెరిగే చోట, ఎనిమిది అంకె ఆకారంలో చిన్న ప్లేటు, రెండు స్క్రూలు వేశారు. లోపలి వైపు పెరుగుదల ఆగి బయట వైపు పెరుగుతుంటే కాలు మెల్లగా అదే నిటారు అవుతుంది. భలే ఐడియా కదా! కొద్ది రోజుల్లోనే నడిచాడు. కానీ మూడు నాలుగు నెలలకోసారి ఎక్స్‌రేకి తప్పకుండా వెళ్ళాలి, లేదంటే సరిదిద్దుకోవడం ఎక్కువైపోయి కాలు ఎదురు వైపుకి, దొడ్డికాలులా వంగిపోతుంది. ఏడాది దాటాక తీసేశారు, మళ్ళీ కొంచెం వెనక్కి వచ్చే అవకాశం ఉంది కాబట్టి పెరుగుదల ఆగేదాకా చూపించుకుంటూ ఉండమన్నారు. ఎదిగే వయసు అయిపోయాక ఈ దారి ఉండదు, ఎముక కోసి సరిచేయడమే. అక్క ఇంకో మూడేళ్ళు ఆగుదాం అనుకుని ఉంటే అదే జరిగేదేమో.

మా పాప విషయానికొస్తే ఆరు నెలలకోసారి వెళ్ళాం, ప్రతిసారీ అదే టేపు, అదే పొజిషన్‌లో ఫోటో. 6 తర్వాత 6 వచ్చింది, అప్పుడు మళ్ళీ కంగారు పడ్డా, తర్వాత 5, మొన్న ఐదున్నరేళ్ళకి 4. మీరు కూడా ఇంట్లో కొలుచుకోండి కానీ మోకాలి చిప్పలు ముందుకి ఉన్నాయో లేదో చూసుకోండి, నేను మొదట్లో సరిగ్గా నిలబెట్టక 9 వచ్చిందని రాత్రంతా ఏడ్చా.

డాక్టరమ్మ మీద ఒకటే కంప్లైంట్, ఆ గీత గీసిన కాగితం ఇవ్వమంటే నవ్వి ఊరుకుంది, మొత్తం గబగబా చెప్పేసింది, సగం నేను గేటు దాటేలోపే మర్చిపోయా. కొంచెం రాసిస్తే బాగుండేది.

ఇన్‌సోల్స్ పారేశా. పట్టీలు మాత్రం ఉన్నాయి, ల్యాప్‌టాప్ చార్జర్ వైర్లన్నీ వాటితోనే కట్టిపెట్టాం, రెండేళ్ళయినా వెల్క్రో ఊడలేదు.