నర్సుల అలసటను కొలిచే మాస్లాక్ ప్రశ్నాపత్రం: వార్డు నుంచి ఒక సమీక్ష

నర్సుల పని ఒత్తిడి ఏ స్థాయికి చేరిందో తెలుసుకోవాలనుకున్న ఆసుపత్రులు తరచుగా ఎంచుకునే సాధనం మాస్లాక్ బర్నౌట్ ఇన్వెంటరీ. బర్నౌట్ అంటే ఎడతెగని పని ఒత్తిడితో మనిషి లోలోపల అరిగిపోవడం. క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ 1981లో వెలువరించిన ఈ ప్రశ్నాపత్రంలో, సేవావృత్తులవారికి ఉద్దేశించిన రూపంలో 22 వాక్యాలుంటాయి. ఒక్కొక్కటి మనకు ఎంత తరచుగా అనుభవమవుతుందో సున్నా నుంచి 6 వరకు అంకె వేసి తెలపాలి. దీన్ని వాడుకోవడానికి ఆసుపత్రి రుసుము చెల్లించాలి కాబట్టి, ఆ ఖర్చుకు తగిన ఫలం దక్కుతుందా అన్నది అడగవలసిన ప్రశ్నే.

దీని గొప్పతనం విడదీసి చూడటంలో ఉంది. 9 వాక్యాలు మానసికంగా అరిగిపోవడాన్ని, 5 వాక్యాలు రోగిపట్ల మనసు మొద్దుబారడాన్ని, మిగిలిన 8 పనిలో పొందే సాఫల్యభావాన్ని కొలుస్తాయి. మూడింటినీ కలిపి ఒకే మొత్తంగా చూపరు. ఈ విభజన వార్డు అనుభవానికి చాలా దగ్గరగా ఉంది, ఎందుకంటే నైట్ డ్యూటీ ముగిసేసరికి పూర్తిగా డస్సిపోయిన సిస్టరే తన చేతిమీదుగా కోలుకున్న రోగిని చూసి నిజంగా సంతోషించగలదు. రెండో భాగం మరీ విలువైనది. రోగి పేరు మరచి బెడ్ నంబరుతోనే ఆలోచించడం మొదలైందని డ్యూటీ మారేటప్పుడు జరిగే హ్యాండోవర్‌లో ఎవరూ చెప్పుకోరు. దాన్ని నిందించకుండా అడిగే చోటు ఇక్కడ దొరుకుతుంది.

అయితే అలసట ఎంతో చెప్పే ఈ పత్రం అది ఎక్కడినుంచి వచ్చిందో అడగదు. ఒక్కరి మీద ఎందరు రోగులున్నారు, వరుసగా రెండు షిఫ్టులు చేయించారా, డాక్టరు రాక ఆలస్యమైనప్పుడు రోగి బంధువుల కోపాన్ని ఎవరు భరించారు అన్నవి ఇందులో లేవు. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సుకు ఒక్క రోగి అదనమైతే బర్నౌట్ అవకాశాలు 23 శాతం ఎక్కువగా కనిపించాయి. అంటే అడగకుండా వదిలేసినదే అసలు విషయానికి దగ్గర. ఈ లోటును కొంత తీర్చేది, అదే 1981లో గ్రే-టాఫ్ట్, ఆండర్సన్ రూపొందించిన నర్సింగ్ స్ట్రెస్ స్కేల్. అందులోని 34 అంశాలు రోగుల మరణం, పనిభారం, డాక్టర్లతోనూ తోటి నర్సులతోనూ ఘర్షణ, చికిత్సపై అనిశ్చితి వంటి కారణాలను నేరుగా అడుగుతాయి. రెంటిలో ఒక్కటే ఎంచుకోమంటే, మార్పు చేయదలచిన ఆసుపత్రికి నేను రెండోదే సూచిస్తాను.

సాధనం ఎంత మంచిదైనా వాడే తీరు దాన్ని పాడుచేయగలదు. నేను పత్రం నింపిన ఆసుపత్రిలో పైన పేరు రాయమన్నారు, నింపిన పత్రాలను ఇన్‌చార్జి సిస్టరే సేకరించారు. సెలవుకైనా బదిలీకైనా ఆమె సంతకమే కావలసినవాళ్లం నిజం ఎలా రాస్తాం? పైగా అంకెలను బట్టి కొందరిని బలహీనులుగా ముద్ర వేయడం అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను వ్యాధిగా కాక, వృత్తికి సంబంధించిన పరిణామంగా వర్గీకరించింది. ఈ ప్రశ్నాపత్రం కూడా వ్యక్తికి రోగనిర్ధారణ చేయడానికి ఉద్దేశించింది కాదు.

కొనదలచిన నర్సింగ్ సూపరింటెండెంట్లు పేరు లేకుండా నింపించి, వార్డువారీగా మాత్రమే ఫలితాలు తీసి, వాటిని ఆ నెల డ్యూటీ రోస్టర్ పక్కన పెట్టి చదవాలి. ఏ వార్డులో ఎన్ని పోస్టులు పెంచుతారో చర్చించే అధికారం ఉన్నవారు ఆ సమావేశంలో లేకపోతే, ఈ కొనుగోలును అప్పటిదాకా వాయిదా వేయడం మేలు.