ఫ్లాక్, ఎంపీ3: దాచుకోవడానికి ఏది, వినడానికి ఏది

సీడీ పాటలను కంప్యూటర్‌లో భద్రపరచుకునేటప్పుడు మూలప్రతిగా, ధ్వనిని నష్టం లేకుండా కుదించే ఫైలు రూపమైన ఫ్లాక్‌నే ఎంచుకోవాలని నా దృఢమైన అభిప్రాయం. సెకనుకు 1,411 కిలోబిట్లుండే సీడీ ధ్వనిని అది సాధారణంగా సగానికి కాస్త అటూఇటుగా కుదించినా, తిరిగి విప్పినప్పుడు ఒక్క బిట్ కూడా తేడా రాదు; పైగా అసలు ధ్వని నుంచి లెక్కగట్టిన, వేలిముద్ర లాంటి ఎండీ5 సంకేతాన్ని ఫైలులోనే ఉంచుతుంది కనుక, ఏళ్ల తర్వాత కూడా అది చెడిపోయిందో లేదో పరీక్షించుకోవచ్చు. ఎంపీ3 మాత్రం చెవికి అంతగా అందవని లెక్కగట్టిన వివరాలను శాశ్వతంగా వదిలేస్తుంది. 320 కిలోబిట్ల వద్ద ఆ లోటును చాలామంది గుర్తించలేరు, దాదాపు అన్ని పరికరాలలోనూ అది పనిచేస్తుంది. ఫోనుకు అదే అనుకూలం. అయితే ఎంపీ3ని, అలాగే వివరాలను వదిలేసే మరో ఫైలు రూపమైన ఏఏసీగా మారిస్తే నష్టం మీద నష్టం చేరుతుంది, ఫ్లాక్‌గా మారిస్తే ఫైలు పరిమాణం పెరుగుతుందే తప్ప పోయిన ధ్వని తిరిగి రాదు. అందువల్ల ఏ కొత్త ప్రతినైనా ఫ్లాక్ నుంచే తయారుచేసుకోవాలి.