స్వీట్‌కార్న్ లోడు కొనేవాళ్ళకు హెచ్చరిక: పై బస్తా చూసి డబ్బు కట్టకండి

లోడు లెక్కన స్వీట్‌కార్న్ కొనేవాళ్ళు జాగ్రత్త. పై వరస బస్తాల్లో ఆ రోజు కోసిన పొత్తులు, అడుగున పాత సరుకు పెట్టి అంటగడుతున్నారు. అమ్మేవాడే రెండు పొత్తులు ఒలిచి చేతికిస్తాడు, నమిలితే తియ్యగానే ఉంటాయి. అడుగు బస్తాలు విప్పాక గానీ పిండి పట్టిన గింజ బయటపడదు. అప్పటికి డబ్బు చేతులు మారిపోయి ఉంటుంది.

శాంపిల్ మీరే తీయండి. వంద బస్తాలుంటే కనీసం 10 విప్పించండి, అందులో సగమైనా అడుగు వరసవి కావాలి. ఒక్కో బస్తా కుమ్మరించి పైన, నడుమ, అడుగున ఉన్నవాటిలోంచి 5 పొత్తులు తీస్తే మొత్తం 50 అవుతాయి. పాడైన ప్రతి పొత్తూ 2 శాతం కింద లెక్క. ఆకు కాస్త చీల్చి చూసి వదిలేయకుండా పూర్తిగా ఒలవండి. పురుగు ఎక్కువగా కొన దగ్గరే దాక్కుంటుంది.

ఒలిచే ముందే బస్తా నడుమ ఉన్న పొత్తు బెండులోకి సూది థర్మామీటర్ గుచ్చండి. కోసిన పొత్తు శ్వాసిస్తూనే ఉంటుంది, కుక్కి పెడితే ఆ వేడికి బయటికి దారి ఉండదు. బయటి గాలికన్నా లోపల వేడిగా ఉంటే చల్లబరచకుండా కుప్ప పోసిన సరుకని అనుమానించాలి. మామూలు తీపి రకాల్లో 30 డిగ్రీల దగ్గర ఒక్క రోజులోనే సగం చక్కెర పోతుంది. 0 డిగ్రీల దగ్గర పదో వంతు కూడా పోదు. సూపర్ స్వీట్ రకాలు ఇంకా నిదానంగా తీపి కోల్పోతాయి. అందుకే ఏ సరుకైనా ఆ పేరు చెప్పే అమ్ముతారు, రకం ఏదో విత్తన సంచి చూపించి చెప్పమనండి.

పచ్చగా, తడిగా ఉన్న ఆకును నమ్మొద్దు, నీళ్ళు చల్లితే ఏ ఆకైనా అలాగే ఉంటుంది. కోసిన తొడిమ చూడండి. గోధుమరంగుకు తిరిగి ఎండిందంటే పాతది. తెలివైనవాళ్ళు తొడిమను మళ్ళీ కోసి తెల్లగా చేస్తారు. అలాంటప్పుడు లోపలి ఆకు, పీచు పట్టిస్తాయి: పీచు నల్లబడి జిగటగా ఉంటుంది, ముక్కు దగ్గర పెడితే పులిసిన వాసన వస్తుంది. బయటి పీచు ఎండి గోధుమరంగులో ఉండటం మాత్రం తప్పు కాదు, కోతకొచ్చిన పొత్తుకు అదే గుర్తు.

పొత్తు నడుమ గింజను గోరుతో నొక్కండి. నీళ్ళలా వస్తే లేత, పాలు చిమ్మితే సరైన అదను, ముద్దలా వస్తే ముదురు. సూపర్ స్వీట్‌కు ఈ కొలత పనికిరాదు. సరైన అదనులో కూడా దాని రసం పలచగానే ఉంటుంది, లేతదని తిప్పి పంపితే నష్టం మీదే. అక్కడ గింజ నిండుగా ఉందా, నెత్తిన గుంట పడిందా అన్నదే చూడాలి.

రసం చుక్క వేస్తే మీటర్‌లో కనిపించే బ్రిక్స్ అంకెను తీపికి రుజువుగా చూపించి ధర పెంచితే ఒప్పుకోకండి. ఆ మీటర్ చక్కెరనొక్కదాన్నే కొలవదు, రసంలో కరిగినవన్నీ కొలుస్తుంది. మామూలు రకాల్లో గింజ ముదిరేకొద్దీ కరిగే పిండిపదార్థం కూడా ఆ అంకెను పెంచుతుంది. దానికన్నా తేమ నమ్మకమైన లెక్క. పొత్తు మీంచి కోసి తీసిన గింజ 100 గ్రాములు తూచి, మాడకుండా మైక్రోవేవ్‌లో కొద్దికొద్దిసేపు పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టండి. 26 గ్రాములు మిగిలితే తేమ 74 శాతం. తాజాగా అమ్మే మామూలు రకానికి 72 నుంచి 76 మంచిది, సూపర్ స్వీట్‌కు ఇంకాస్త ఎక్కువే ఉండాలి.

50 పొత్తుల్లో ఎన్ని పోతే ధర తగ్గించాలి, ఎన్ని పోతే లోడు వెనక్కి పంపాలి అన్నది బస్తా విప్పకముందే కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి.