మోషన్ టెస్ట్, కాల్‌ప్రొటెక్టిన్: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

నాకు అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొరలో వాపు, పుండ్లు వచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉంది. విశాఖలో మహారాణిపేట, ద్వారకానగర్ ల్యాబులకు ఏళ్లుగా శాంపిల్ డబ్బా పట్టుకుని తిరుగుతున్నాను. మోషన్ టెస్ట్ (మల పరీక్ష) అంటే అన్నీ ఒకటే అనుకుని రిపోర్టు చూసి టెన్షన్ పడేవాళ్ల కోసం రాస్తున్నాను.

స్టూల్ రొటీన్ (మలాన్ని మైక్రోస్కోప్ కింద చూసే మామూలు పరీక్ష) చవక, చాలాచోట్ల అదే రోజు చేతికొస్తుంది. అమీబా, జియార్డియా అనే పరాన్నజీవులు, పురుగుల గుడ్లు, చీము కణాలు, ఎర్రకణాలు చూస్తారు. ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే ముందు ఇదే చేయించాలి. అయితే ఒక్క శాంపిల్‌లో ఏమీ కనిపించనంత మాత్రాన లేనట్టు కాదు. అందుకే రోజు విడిచి రోజు మూడు శాంపిళ్లు ఇమ్మంటారు. నీళ్ల విరేచనమైతే అరగంటలోపు మైక్రోస్కోప్ కిందికి వెళ్లాలి, లేకపోతే కదిలే అమీబా దొరకదు. ఒక కలెక్షన్ సెంటర్‌లో నేను పొద్దున్నే ఇచ్చిన శాంపిల్, మన ఉక్కపోతలో, మధ్యాహ్నం బండి వచ్చేదాకా బల్ల మీదే ఉండిపోయింది. అలాంటి రిపోర్టును ఏం నమ్ముతాం? ఇప్పుడు "టెస్ట్ ఇక్కడే చేస్తారా, బయటికి పంపుతారా?" అని అడిగాకే డబ్బు కడుతున్నాను.

నాకు నిజంగా ఉపయోగపడింది ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్. ఇది తెల్ల రక్తకణాల్లో ఉండే ప్రోటీన్. పేగులో వాపు ఉంటే మలంలో పెరుగుతుంది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే సాధారణంగా వాపు లేనట్టే. 250 దాటితే జబ్బు తిరగబెట్టిందేమోనని డాక్టర్ చూస్తారు. మధ్యలో ఉంటే కొన్ని వారాలాగి మళ్లీ చేయిస్తారు. రొటీన్ కంటే ఖరీదు చాలా ఎక్కువ. అయినా ప్రతిసారీ కొలనోస్కోపీకి (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) పరుగెత్తే బాధ తగ్గింది కాబట్టి నేను ఇచ్చిన డబ్బుకు న్యాయం జరిగిందనే అంటాను.

లోపమూ ఉంది. వాపు ఉందని చెబుతుందే గానీ ఎందుకొచ్చిందో చెప్పదు. ఇన్ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వాడినా పెరుగుతుంది. మోకాలి నొప్పికి ఆ మాత్రలు వేసుకున్న రోజుల్లో నా అంకె బాగా ఎగబాకింది, ఆపాక దిగింది. ల్యాబు వాడే టెస్ట్ కిట్‌ను బట్టి కూడా అంకె మారుతుంది. అందుకే పాత అంకెతో పోల్చుకోవాలంటే అదే ల్యాబులో చేయించాలి. ఒక్క రిపోర్టు కన్నా వరుసగా వచ్చిన అంకెలు ఎక్కువ చెబుతాయి. నా ఫైల్‌లో డాక్టర్ ముందు చూసేది అవే.

ఐరన్ మాత్రలు వాడితే మలం నల్లబడుతుంది, దానికి కంగారు పడొద్దు. ఐరన్ వాడకుండానే తారులా నల్లగా, జిగటగా వస్తే మాత్రం అది పైపేగుల్లో రక్తస్రావం కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే విరేచనాలు ఉంటే రిపోర్టు నార్మల్ వచ్చినా ఊరుకోవద్దు. ప్రైవేటులో చూపించుకునే స్తోమత లేకపోతే విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి.